అండమాన్‌కి అయిదు రోజులా? బారాటాంగ్ కొట్టేయండి, ముందు చెవుల సంగతి చూడండి

ప్రశ్న: "ఫిబ్రవరిలో విశాఖ నుంచి నలుగురం అండమాన్ వెళ్తున్నాం. చేతిలో అయిదు రోజులు. స్కూబా చెయ్యాలి, జారవాలను చూడాలి, పాపకి తాబేళ్లు చూపించాలి. మాకెవరికీ ఈత రాదు. ఏ రోజు ఏం పెట్టుకోవాలి?"

మీ లిస్టులోంచి ముందు జారవాల పేరు తీసేద్దాం. జారవాలంటే అండమాన్ అడవుల్లో బతికే ఆదిమ తెగ, వాళ్ల అడవి మీదుగానే బారాటాంగ్ దీవికి రోడ్డు. దాంతో మీకు ఒక రోజు మిగులుతుంది, ఆ రోజుకి మంచి వాడకం ఉంది.

బారాటాంగ్ ట్రిప్పు అంటే ఏమిటో ఏజెంట్లు సగమే చెప్తారు. తెల్లవారుజామున 3 గంటలకి పోర్ట్ బ్లెయిర్ హోటల్లో లేపుతారు. (2024లో ఊరి పేరు శ్రీ విజయపురం అయింది. రెండు పేర్లూ వాడుకలో ఉన్నాయి, కంగారు పడకండి.) జిర్కటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నిటినీ వరసగా నిలబెట్టి, ఉదయం 6 గంటల కాన్వాయ్‌లో వదుల్తారు. అక్కణ్ణించి మిడిల్ స్ట్రెయిట్ రేవు దాకా 50 కిలోమీటర్లకి కాస్త తక్కువ, అంతా జారవా రిజర్వు అడవే. దారిలో బండి ఆపకూడదు, ఫోటో తియ్యకూడదు, కిటికీలోంచి బిస్కెట్టు కూడా చెయ్యి చాచి ఇవ్వకూడదు. రేవు దాటాక పడవలో మడ అడవి మధ్యనుంచి వెళ్లి సున్నపురాయి గుహలు, తర్వాత బురద బుడగలు కక్కే మట్టిదిబ్బ. మళ్లీ కాన్వాయ్, మళ్లీ అదే రోడ్డు. గదికి చేరేసరికి నడుం పట్టేస్తుంది.

బొర్రా గుహలు పెరట్లో ఉన్నట్టున్న విశాఖ మనిషికి ఇంకో సున్నపురాయి గుహ కోసం ఇంత తంటా ఎందుకు? మడ అడవి కావాలంటే కాకినాడ పక్కన కోరంగి ఉంది. ఇక మిగిలింది మట్టిదిబ్బ. దాన్ని చూడ్డానికి పన్నెండు గంటలు ఎవరు పెడతారు? రోడ్డు పక్కన మనుషులు కనపడతారన్న ఆశ మీదే ఆ టికెట్టు అమ్ముడుపోతోంది. ఏజెంటు ఆ మాట పైకి అనడు, "అదృష్టం ఉంటే కనిపిస్తారు సార్" అంటాడు, అచ్చం పులుల సఫారీ గురించి చెప్పినట్టు.

వాళ్లెంతమందో తెలుసా? 2011 జనాభా లెక్కల్లో జారవాలు 380 మంది. ఎంవీపీ కాలనీలో ఒక పెద్ద అపార్టుమెంటు సముదాయంలో అంతకన్నా ఎక్కువమందే ఉంటారు. అక్కడి మిగతా తెగల్లో ఓంగేలు 101, గ్రేట్ అండమానీలు 44. ఈ గ్రేట్ అండమానీలు, 1858లో బ్రిటిష్‌వాళ్లు అక్కడ జైలు కాలనీ పెట్టేనాటికి వేలల్లో ఉన్న జనం. తట్టు, ఫ్లూ, సిఫిలిస్ లాంటివి తుడిచిపెట్టేశాయి. వాళ్ల భాషల్లో ఒకటైన బో, 2010 జనవరిలో చివరి మనిషితోపాటే పోయింది. జారవాలు తమంతట తాము అడవి దాటి బయటికి రావడం మొదలుపెట్టింది 1997లో. 1999లోనే వాళ్లలో తట్టు పాకింది, 2006లో మళ్లీ. మనకి వారం రోజుల జ్వరం, వాళ్లకి ఊరికి ఊరే మంచాన పడటం. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవి మీదుగా రోడ్డు మూసేయమంది, రోడ్డు మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనల కింద రిజర్వులోకి అడుగుపెట్టినా, ఫోటోలు తీసినా జైలే. ఇక బయటివాళ్లని రానివ్వని తెగ ఉండే నార్త్ సెంటినెల్ దీవి దగ్గరికి పడవ వేసుకుని వెళ్లొచ్చా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2018లో వెళ్లిన అమెరికన్ తిరిగి రాలేదు.

ఇదే జబ్బు మనకి అరకులోనూ ఉంది. రిసార్టులో భోజనాల వేళ థింసా ఆడించి, చేతులు పట్టుకుని నాలుగు సెల్ఫీలు తీసుకుని, ఆడినవాళ్లు గదబలో కొండదొరలో పోర్జలో కూడా అడక్కుండా బస్సెక్కేస్తాం. అలవాటైన చేత్తోనే అండమాన్‌లో కెమెరా ఎత్తుతాం.

ఆ జనం గురించి తెలుసుకోవాలనే ఉంటే పోర్ట్ బ్లెయిర్‌లో ఆంత్రోపాలజికల్ సర్వేవాళ్ల మ్యూజియం ఉంది, రెండు గంటలు చాలు. జారవాలు చెట్టుబెరడుతో చేసుకునే ఛాతీ కవచం దగ్గర కాసేపు నిలబడండి. 2004 సునామీ రోజు లిటిల్ అండమాన్‌లో డుగాంగ్ క్రీక్ దగ్గరి ఓంగేలు, సముద్రం వెనక్కి తగ్గడం చూసి ముందే ఎత్తైన చోటికి వెళ్లిపోయారు. నికోబారీలు వేరే జనం, వాళ్ల గుండ్రటి ఇళ్లు, పక్కన తేలే దుంగ కట్టిన పడవలు వేరే లోకం. నికోబార్ దీవులకి గిరిజన పాస్ లేకుండా వెళ్లనివ్వరు, అక్కడికి టూరిస్టు ప్యాకేజీ ఎవరైనా అమ్మితే కొనకండి.

ఇప్పుడు స్కూబా. ఈత రాకపోయినా మొదటిసారి చేయించే 'ట్రై డైవ్'కి అడ్డు లేదు. ఇన్‌స్ట్రక్టరు మిమ్మల్ని వెనకనుంచి పట్టుకునే ఉంటాడు, జాకెట్లో గాలి నింపడం, వదలడం కూడా అతనే చూస్తాడు. లోతు 12 మీటర్లు మించదు. పాపకి 10 ఏళ్లు నిండకపోతే మాత్రం లేదు, ఎవరు సరేనన్నా ఒప్పుకోకండి. మనిషికో ఇన్‌స్ట్రక్టరు ఉంటాడా, ఆక్సిజన్ కిట్టు దగ్గర పెట్టుకుంటారా, ఈ రెండూ ధర కన్నా ముందు అడగాల్సినవి. ఉబ్బసం, గుండె జబ్బు, మూర్ఛ, చెవి ఆపరేషన్, గర్భం వీటిలో ఏది ఉన్నా ఫారంలో దాచొద్దు.

డైవ్ పాడయ్యేది భయం వల్ల అనుకుంటారు. చాలాసార్లు అది చెవుల వల్ల. హావ్‌లాక్‌లో (ఇప్పుడు స్వరాజ్ ద్వీప్) నీమో రీఫ్ దగ్గర ఏ ఉదయం నిలబడినా ఈ దృశ్యం చూడొచ్చు. నడుంలోతు నీళ్లలో పది నిమిషాలు నేర్పుతారు: నోటితో శ్వాస, బాగున్నానంటే చూపుడువేలూ బొటనవేలూ కలపడం, పైకి వెళ్దామంటే బొటనవేలు పైకి. ఇక్కడే మనవాళ్ల మొదటి పొరపాటు. బాగుందని బొటనవేలు పైకెత్తుతారు, ఇన్‌స్ట్రక్టరు పైకి తీసుకొచ్చేస్తాడు! రెండోసారి దిగుతారు. మీటరున్నర దగ్గర చెవి నొక్కుతుంది. ఇన్‌స్ట్రక్టరు 'ముక్కు పట్టుకుని ఊదు' అని సైగ చేస్తాడు. కొంచెం నొప్పే కదా, ఓర్చుకుందాం అని మనవాడు ఊదడు. రెండున్నర మీటర్ల దగ్గర సూది గుచ్చినట్టవుతుంది, అప్పుడు బలంగా ఊదుతాడు, చెవి తెరుచుకోదు. కళ్లు పెద్దవైపోతాయి, కాళ్లు తన్నుతాడు, మాస్కులోకి నీళ్లు, పైకి. ఒడ్డున భార్య వీడియో తీస్తూనే ఉంటుంది. మొత్తం ఆరు నిమిషాలు.

ఎందుకు తెరుచుకోలేదో చూద్దాం. కర్ణభేరి వెనకున్న గదికి గొంతు వైపు ఒక సన్నని గొట్టం ఉంది. మామూలుగా మూసుకునే ఉంటుంది, గుటక వేసినా ఆవులించినా తెరుచుకుంటుంది. అరకు ఘాట్ దిగేటప్పుడు చెవులు దిబ్బడేసి 'టప్' మని విడుస్తాయే, అదే. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కణ్ణించి ఎస్.కోట దాకా గంటల తరబడి దిగితే చెవి మీద పెరిగే ఒత్తిడి, సముద్రంలో ఒక్క మీటరు దిగితే పెరుగుతుంది. సముద్రంలో అది కొన్ని సెకన్ల పని. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు, చెవిలో గాలి సగానికి నలుగుతుంది. నొప్పి వచ్చేదాకా ఆగితే ఆ గొట్టం చివర పీల్చుకుపోయి మూసుకుంటుంది, ఇక ఎంత ఊదినా లాభం లేదు, బలంగా ఊదితే లోపలి చెవికే దెబ్బ. చెయ్యాల్సింది ఒకటే, ఒక మీటరు పైకి వచ్చి మెల్లగా మళ్లీ ప్రయత్నించడం.

అందుకని పద్ధతి ఇలా. నీటి పైన ఉండగానే ఒకసారి మెల్లగా ఊదండి. తల పైకి, కాళ్లు కిందికి ఉంచి దిగండి, తలకిందులుగా దిగితే చెవులు మొండికేస్తాయి. మొదటి 5 మీటర్లలో ప్రతి అర మీటరుకి ఒకసారి, నొప్పి రాకముందే ఊదండి. ఊదడం పనిచెయ్యకపోతే ముక్కు మూసుకుని గుటక వెయ్యండి, కొందరికి అదే నప్పుతుంది. బయల్దేరడానికి పది రోజుల ముందునుంచే రోజూ అద్దం ముందు అయిదారుసార్లు మెల్లగా అభ్యాసం చెయ్యండి. ఇక్కడే ఏదైనా స్విమ్మింగ్ పూల్లో రెండు మీటర్ల లోతు దగ్గర నిచ్చెన పట్టుకుని దిగి చూడండి. పూల్లో చెవి తెరుచుకుంటే సముద్రంలోనూ చాలావరకు తెరుచుకుంటుంది. జలుబు ఉంటే డైవ్ లేదు, అంతే. ముక్కు దిబ్బడ మాత్ర వేసుకుని దిగొద్దు. అడుగున ఉండగా దాని పని అయిపోతే లోపలి గాలి బయటికి రాలేదు, పైకి రావడం నరకం.

పైకి వచ్చేటప్పుడు చెవుల పని తేలికే, ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టకూడదు. 10 మీటర్ల దగ్గర పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తి చిరుగుతుంది.

మగవాళ్లకి మీసం గొడవ. మాస్కు సిలికాన్ అంచు చర్మం మీద అంటుకోవాలి, మీసం వెంట్రుకల మధ్యనుంచి నీళ్లు కారుతూనే ఉంటాయి. ముక్కు కింద వేలెడు వెడల్పు గీసేస్తే చాలు, పూర్తిగా తియ్యక్కర్లేదు. తలకి కొబ్బరినూనె రాసుకుని రావొద్దు, పట్టీ జారిపోతుంది. నీళ్లు చేరినా గాభరా అక్కర్లేదు: మాస్కు పై అంచు నుదుటికి నొక్కి, కొంచెం తల ఎత్తి, ముక్కుతో గట్టిగా వదలండి, నీళ్లు కింది నుంచి పోతాయి. లోపలి అద్దం మసకబారకుండా ఉమ్మి రాసి కడగాలి, అంతకన్నా మంచి మందు ఇంకా రాలేదు.

దిగాక ఏం చూస్తారంటే, సముద్రపు పువ్వులాంటి ఎనిమోన్‌లో దూరి తొంగిచూసే నారింజ చారల చేపలు. అవన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో పెద్దది ఆడదవుతుంది, అది చస్తే తర్వాతి పెద్ద మగది ఆడదిగా మారుతుంది. చెవి పెట్టి వింటే కటకటమని చప్పుడు, చిలకచేప పగడాన్ని కొరికి నమిలి ఇసుకగా విసర్జిస్తుంది. హావ్‌లాక్ తెల్ల ఇసుకలో కొంత వాటా దానిదే. భీమిలి తీరంలో నల్లటి చారలు ఇల్మనైట్ అనే ఖనిజం, అది కొండలు అరిగి వచ్చిన ఇసుక. అక్కడిది ప్రాణులు చేసిన ఇసుక. టైటాన్ ట్రిగ్గర్ చేప గూడు కాపలా కాస్తుంటే పక్కకి ఈదండి, పైకి కాదు, దాని హద్దు పైకి గరాటులా విచ్చుకుని ఉంటుంది. రాతిచేప ముల్లు గుచ్చుకుంటే చర్మం ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట నుంచి గంటన్నర ముంచాలి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పగడం ముక్క జేబులో వేసుకోవద్దు, వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, చచ్చిన ముక్కకీ అదే చట్టం. ఉప్పునీటి మొసళ్లు ఉన్న దీవులివి. 2010లో రాధానగర్ దగ్గర ఒక పర్యాటకురాలిని మొసలి చంపేసింది. చీకటి పడ్డాక, వాగు సముద్రంలో కలిసేచోట నీళ్లలో దిగకండి.

రోజుల లెక్క ఇది. మొదటి రోజు పొద్దున్న విమానం దిగి అదే రోజు హావ్‌లాక్ పడవ పట్టుకోండి. రెండో రోజు ఉదయం డైవ్, మూడో రోజు చెవులు సహకరిస్తే ఇంకొకటి. ఇదే మీకు బారాటాంగ్ మానుకుంటే మిగిలిన రోజు. నాలుగో రోజు పోర్ట్ బ్లెయిర్ తిరిగొచ్చి మ్యూజియం, సెల్యులార్ జైలు. అయిదో రోజు విమానం. డైవ్‌కీ విమానానికీ మధ్య ఒక్క డైవ్ అయితే 12 గంటలు, ఒకటికి మించితే 18 గంటలు ఉండాలి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ గోలీసోడా గోలీ నొక్కినట్టు బుసబుసలాడకూడదు. ఇది విశాఖలో కూడా ఎవరూ చెప్పని సంగతి: ఉదయం రుషికొండలో స్కూబా, మధ్యాహ్నం అరకు అని ప్యాకేజీ ఇస్తే తప్పు. 600 మీటర్లు దాటిన ఎత్తుకి ఇదే నియమం. ఓడలో వెళ్లాలనుకుంటే విశాఖ పోర్టు నుంచి ఉంటుంది, కానీ అప్పుడప్పుడే, పైగా రెండు రోజులు దాటే ప్రయాణం, మీ అయిదు రోజుల్లో కుదరదు. అక్కడ డిసెంబరులో సాయంత్రం 5 గంటలకే చీకటి, ఫిబ్రవరిలో ఇంకాస్త ఆలస్యం. అన్ని పనులూ పొద్దున్నే పెట్టుకోండి. భాషకి ఇబ్బంది లేదు, జంగ్లీఘాట్ వైపు శ్రీకాకుళం యాస వినిపిస్తూనే ఉంటుంది, కోనాం పులుసు కూడా మన రుచికే దొరుకుతుంది.

తాబేళ్లకోసం అండమాన్ దాకా అక్కర్లేదు. అక్కడ గుడ్లు పెట్టే చోట్లు ఉత్తరాన డిగ్లీపూర్ దగ్గరి కాలిపూర్ లాంటివి, మీకు టైముండదు. మన తీరానికే జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీలు వచ్చి ఒక్కో గుంటలో వంద పైచిలుకు గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు వాటిని హేచరీలోకి మార్చి, 45 నుంచి 60 రోజులకి పిల్లలు రాగానే సముద్రంలోకి వదుల్తారు. మీరు తిరిగొచ్చేసరికి సరిగ్గా అదే కాలం. పాపని తెల్లారకముందే లేపి బీచ్‌కి తీసుకెళ్లండి. టార్చీ, ఫ్లాష్ వాడకండి, పిల్లలు వెలుగు వైపు తిరిగి రోడ్డుకెక్కేస్తాయి. దారిలో వలల్లో చిక్కి చచ్చి ఒడ్డుకి కొట్టుకొచ్చిన పెద్ద తాబేలు కనిపించొచ్చు, అది ఎందుకు చచ్చిందో పాప అడుగుతుంది, ముందే జవాబు సిద్ధం చేసుకోండి.