వాపిటి రెజిన్ మోడల్: రెక్కలు వంగాయి, జిగురు పట్టడం లేదు, ఏం చేయాలి?

వాపిటి అంటే ఒకదాని పైన ఒకటిగా రెండు రెక్కలున్న పాత బ్రిటిష్ యుద్ధ విమానం. దాని చిన్న మోడల్ భాగాలను రెజిన్‌తో, అంటే అచ్చులో పోస్తే గట్టిపడే ఒక రకం ప్లాస్టిక్‌తో చేస్తారు. ముందుగా జిగురు సంగతి. మామూలు ప్లాస్టిక్ కిట్ల సిమెంటు ప్లాస్టిక్‌ను కాస్త కరిగించి అతికిస్తుంది. రెజిన్ దానికి కరగదు. ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ గానీ, రెండు ట్యూబుల ఎపాక్సీ గానీ వాడాలి. అంతకుముందు భాగాలన్నీ గిన్నెలు తోమే లిక్విడ్‌తో, పాత టూత్‌బ్రష్‌తో కడగండి. అచ్చులో పూసే జిడ్డు మిగిలితే జిగురూ పట్టదు, రంగూ నిలవదు.

వంగిన రెక్కను చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్లలో ఒక నిమిషం ఉంచి, గాజు పలక మీద అదిమి పట్టి, అలాగే చన్నీళ్లలో ముంచండి. నేను తిరుపతిలో మే నెలలో సరిచేసిన రెక్కను కిటికీ పక్కన పెడితే సాయంత్రానికి మళ్లీ వంగింది. ఎండ తగలని చోటే పెట్టండి.

అసలు కష్టం రెండు రెక్కల మధ్య నిలిచే కడ్డీలది. 1/72 స్కేల్‌లో, అంటే అసలు విమానంలో 72వ వంతు సైజులో, రెక్క పొడవు సుమారు 20 సెంటీమీటర్లు, పైగా రెజిన్ బరువు. సన్నని రెజిన్ కడ్డీలు ఆ బరువుకు వంగిపోతాయి. వాటి బదులు ఇత్తడి తీగ వాడండి. రెండు రెక్కలను బిగించి పట్టే తీగల రంధ్రాలన్నీ రెక్కలు అతికించకముందే చేసుకోవాలి, తర్వాత డ్రిల్ దూరదు. ఆ బిగింపు తీగలకు సన్నని గాలం దారం చక్కగా సరిపోతుంది.

రాపిడి పని మాత్రం తడి ఎమెరీ పేపర్‌తో, మాస్కు పెట్టుకునే చేయండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు.

1933 ఏప్రిల్ 1న కరాచీలో మన వైమానిక దళం తొలి స్క్వాడ్రన్ నాలుగు వాపిటిలతోనే మొదలైంది. ఓపిగ్గా కట్టండి.