తాతయ్య మాత్రలు, మనవడి చేతులు

ప్రశ్న: రెండేళ్ల మనవడు మా దగ్గరే పెరుగుతున్నాడు. ఆయనకు షుగర్, నాకు బీపీ. మరిచిపోతామని మాత్రలు వారం గళ్ల డబ్బాలో సర్దుకుంటాం. వాడు దాన్ని గిలక్కాయలా ఆడిస్తున్నాడు. మూత గట్టిదే. ప్రమాదమా?

జవాబు: ప్రమాదమే. ఆ డబ్బా చేసిందే పట్టు తగ్గిన వేళ్ల కోసం. మీకు తెరుచుకునేది వాడికీ తెరుచుకుంటుంది. షుగర్‌కి వాడే గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటివి ఒక్కటి మింగినా పసివాడి రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. అదీ ఒక్కోసారి కొన్ని గంటల తర్వాత. అందుకే ‘ఆడుకుంటున్నాడుగా’ అని ఊరుకోకూడదు. బీపీకి వాడే ఆమ్లోడిపిన్ కూడా ఒక్కటి మింగినా ప్రమాదమే, దాంతో బీపీ పడిపోవచ్చు. మింగాడన్న అనుమానం చాలు, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఉప్పునీళ్లు పట్టి కక్కించొద్దు. ఖాళీ అట్ట వెంట ఉంచుకోండి, ఎన్ని తగ్గాయో లెక్క చెప్పండి.

డబ్బా మానక్కర్లేదు, తాళం పడే అరలోకి మార్చండి. ఎత్తు ఒక్కటే చాలదు, కుర్చీ లాక్కొని ఎక్కే వయసు అది. దిండు కింద, చేతిసంచిలో పెట్టినవి వెతికి తీయండి. మాత్రలు అంచున్న పళ్లెంలో తీసుకుంటే జారినది మంచం కిందికి పోదు. వాడి ఎదుట వేసుకోకండి, మందుని చాక్లెట్ అనకండి.

ఇంకోటి, మీరు అడగలేదు గానీ: షుగర్ చూసుకునే మిషన్‌లో, రిమోట్‌లో ఉండే బిళ్ల బ్యాటరీ. గొంతు దిగువన ఇరుక్కుంటే 2 గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. విరేచనంలో పోతుందిలే అని ఆగకుండా వెంటనే ఎక్స్‌రే తీయించాలి.

ప్రశ్న: జ్వరానికి పారాసిటమాల్ సిరప్ ఎంత పట్టాలి? వాడు 12 కిలోలు. మా అమ్మాయి ఒక లెక్క చెబుతుంది, సీసా మీద ఇంకోటి.

జవాబు: బరువుని బట్టి, కిలోకి 10–15 మిల్లీగ్రాములు. అంటే వాడికి ఒక మోతాదు 120–180 మి.గ్రా. తిరకాసంతా సీసాది. 5 మి.లీ.కి 120 మి.గ్రా. ఉన్నవీ, 250 ఉన్నవీ దొరుకుతాయి. 120 మి.గ్రా. కావాలంటే మొదటిదాంట్లో 5 మి.లీ., రెండోదాంట్లో 2.4 మి.లీ. సీసా మారినా పాత లెక్కే పోస్తే రెట్టింపు పైన పడుతుంది. వంటింటి చెంచా వద్దు, గీతలున్న సిరంజి వాడండి. రెండు మోతాదుల మధ్య కనీసం 4 గంటలు, 24 గంటల్లో 4 సార్లకు మించొద్దు. డాక్టరు వేరుగా చెబితే అదే పాటించండి.

ఎక్కువగా జరిగే పొరపాటు వేరే: తాతయ్య పట్టారని తెలియక అమ్మమ్మ మళ్లీ పట్టడం. సీసాకే చీటీ అంటించి, పట్టిన వేళ రాయండి. జలుబు సిరప్ ఏదైనా ఇస్తుంటే దాని మీదా చదవండి, చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది.