డిస్పారిటీ అని రాసేముందు

చిట్టికి బాబాయ్ ఆశీస్సులు.

గ్రూప్-1 మెయిన్స్ కోసం నువ్వు ఇంగ్లిష్‌లో రాసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. విషయం మీద నీకు పట్టుంది, బాధ కూడా ఉంది. అయితే డిస్పారిటీ, అంటే అంతరం, అన్న ఒక్క మాటతోనే అన్ని పనులూ చేయించావు. జీతాల తేడాకీ అదే, ఆడపిల్లల చదువుకీ అదే, చివరికి అంటరానితనానికీ అదే. ఇన్నేళ్లు ఇంగ్లిష్ పాఠం చెప్పినవాడిగా నాకు తోచింది రాస్తున్నాను.

డిస్పారిటీ కొలిచి చూపించే మాట. ఎవరికీ ఎవరికీ మధ్య, దేనిలో, ఎంత అన్న మూడూ చెప్తేనే దానికి బలం. నువ్వు రాసిన ‘దేర్ ఈజ్ హ్యూజ్ డిస్పారిటీ ఇన్ ఇండియా’ అన్న వాక్యం చదివితే ఏమీ తెలియదు. అక్షరాస్యత తీసుకో. 2001 జనాభా లెక్కల్లో దేశంలో ఏడేళ్లు, ఆపై వయసున్న మగవారిలో 75.3 శాతం, ఆడవారిలో 53.7 శాతం అక్షరాస్యులు. 2011లో అవి 80.9, 64.6. అంటే ఇద్దరి మధ్య తేడా 22 పాయింట్ల దగ్గర్నుంచి 16కి తగ్గింది. ఇలా రాస్తే తేడా ఎంతుందో, ఎటు పోతోందో రెండూ తెలుస్తాయి. ఇక్కడ ‘16 శాతం తక్కువ’ అని మాత్రం రాయకు. అవి శాతం పాయింట్లు, అంటే ఒక శాతంలోంచి ఇంకో శాతం తీసేస్తే వచ్చేవి. మగవారి రేటుతో పోలిస్తే ఆడవారిది 20 శాతం తక్కువ. పేపర్ దిద్దేవాళ్లు ఇలాంటివి పట్టుకుంటారు.

మన రాజ్యాంగం 38వ అధికరణం రెండో క్లాజు ఇంగ్లిష్‌లో ఒకసారి చదువు. 1978లో 44వ సవరణతో చేర్చారు. అందులో వాడిన మాట ఇన్‌ఈక్వాలిటీస్. ఆదాయంలో అసమానతల్ని తగ్గించాలంది. హోదాలో, సౌకర్యాల్లో, అవకాశాల్లో ఉన్నవాటిని తొలగించడానికి ప్రయత్నించాలంది. ఒకచోట తగ్గించడం, ఇంకోచోట తొలగించడం, ఎంత జాగ్రత్తో చూడు! మనుషుల మధ్యే కాదు, వేర్వేరు ప్రాంతాల్లో ఉండే, వేర్వేరు వృత్తులు చేసే సమూహాల మధ్య అని కూడా విడదీసి చెప్పింది. వ్యాసంలో నువ్వు చేయాల్సిందీ అదే.

అంటరానితనం దగ్గర నాకు నిజంగా కష్టంగా అనిపించింది. దాన్ని సోషల్ డిస్పారిటీ అన్నావు. వద్దమ్మా. తేడా అంటే ఎవరూ ఏమీ చేయకుండా దానంతటదే వచ్చినట్టు వినిపిస్తుంది. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషిని గుడి గడప దగ్గరో బావి దగ్గరో ఆపుతున్నాడు. దాని పేరు వివక్ష, డిస్క్రిమినేషన్. 17వ అధికరణం అంటరానితనాన్ని పేరు పెట్టి మరీ రద్దు చేసింది. నువ్వు మెత్తని మాట వెతకక్కర్లేదు.

కూలి విషయంలో రెండు మాటలూ కావాలి. మగ కూలీకి ఎక్కువ, ఆడ కూలీకి తక్కువ ఇస్తున్నారన్నది డిస్పారిటీ, లెక్కతో చూపించు. ఒకే పనికి, లేదా ఒకే తరహా పనికి, ఆడమనిషి అన్న కారణంతో తక్కువ ఇస్తే అది వివక్ష. 1976 సమాన వేతన చట్టం వద్దన్నది దాన్నే; 2025లో దాని స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది. దుక్కి వేరు, నాటు వేరు కాబట్టి కూలి వేరు అంటారు కొందరు. రోజంతా నడుము వంచి నాటేసే పని ఏ లెక్కన తేలికో అడుగు. ఈ ప్రశ్న నీ వ్యాసంలో లేదు, ఉండాలి.

ప్రాంతాల మధ్య తేడాలకు దూరపు ఉదాహరణలు దేనికి? నీ దరఖాస్తులో లోకల్, నాన్‌లోకల్ అని నింపే గడి ఉంది కదా, దాని వెనక ఉన్నది 371డి అధికరణం. 1973లో 32వ సవరణతో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వేర్వేరు ప్రాంతాలవాళ్లకు ఉద్యోగాల్లో, చదువులో న్యాయమైన అవకాశాలు ఉండాలని. రీజినల్ డిస్పారిటీ అన్న మాట అక్కడ చక్కగా కుదురుతుంది.

ఇక వ్యాకరణం. ‘డిస్పారిటీ బిట్వీన్ రిచ్ టు పూర్’ తప్పు. బిట్వీన్ వాడితే తర్వాత అండ్ రావాలి. దేనిలో అన్నదానికి ఇన్. గ్యాప్‌ను బ్రిడ్జ్ చేస్తారు, డిస్పారిటీని రెడ్యూస్ చేస్తారు. ‘డిస్పరేట్ ఇన్‌కమ్స్’ అని కూడా రాశావు. డిస్పరేట్ అంటే ఒకదానికొకటి పోలికే లేనివని. నీకు కావలసింది అన్‌ఈక్వల్.

అంబేడ్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగం మొత్తం చదువు. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత ఉండబోతున్నాయని ఆయన హెచ్చరించారు. ఏ రంగంలో ఏది అన్నది ఎంత స్పష్టంగా చెప్పారో గమనించు. దాన్ని ముగింపులో అలంకారంగా పెట్టకు, వాదన మొదలుపెట్టే చోట పెట్టు.

ముందు కూలి గురించిన పేరా తిరగరాసి పంపు, ఆదివారంలోగా దిద్ది పెడతాను.

మీ బాబాయ్