రోజర్ స్టాబాక్ ఆట మానేశాక అంత ఆస్తి ఎలా సంపాదించారు?

ఆట మానేశాక కాదు, ఆడుతుండగానే మొదలుపెట్టారు. మీ ప్రశ్నలో నేను సరిదిద్దాలనుకున్నది అదే. స్టాబాక్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, డాలస్ కౌబాయ్స్ జట్టులో చేరింది 1969లో. ఆ తర్వాత ఆటలు లేని నెలల్లో హెన్రీ ఎస్. మిల్లర్ అనే స్థిరాస్తి కంపెనీకి ఉద్యోగానికి వెళ్లేవారు. 1977లో అదే రంగంలో సొంత సంస్థ పెట్టారు. మైదానానికి సెలవు చెప్పింది మాత్రం 1980లో. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకున్న మనిషి. 2008లో ఆ సంస్థను జోన్స్ లాంగ్ లసాల్ అనే పెద్ద స్థిరాస్తి కంపెనీ వాళ్లు 61.3 కోట్ల డాలర్లకు కొన్నారు.

ఫలానా ఆటగాడి ఆస్తి ఇంత అని అంకెలు పరిచే వెబ్‌సైట్లను దయచేసి నమ్మకండి. ఆ 61.3 కోట్లు స్టాబాక్ ఒక్కరి చేతికే రాలేదు, వాటాలున్న మిగతావాళ్లకూ వెళ్లాయి. ఎంత సంపాదించారన్నది నాకు ముఖ్యం కాదు. ఏం చేసి సంపాదించారన్నది ముఖ్యం. ఆ సంగతి నాకు అర్థమైంది నా కిరాణా కొట్టులో, చెమటలు కక్కుతూ నిలబడిన ఒక మధ్యాహ్నం.

డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో మాకు చిన్న కొట్టు ఉంది. 2013లో లీజు రాసుకున్నాం. స్థలం చూపించిన బ్రోకర్ ఎంతో మర్యాదస్తుడు. కారులో తిప్పాడు, మా ఆవిడను ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఎండగా ఉందని నీళ్ల సీసా చేతికిచ్చాడు. మా మనిషే అనుకున్నాం. ఆయన భవన యజమాని మనిషి. యజమాని దగ్గర రుసుము తీసుకుని, యజమానికి లాభమయ్యేలా బేరం కుదర్చడం ఆయన వృత్తి. అందులో దాపరికమేమీ లేదు, కాగితం మీద రాసే ఉంది. మేమే చదవలేదు.

మరుసటి ఏడాది ఆగస్టులో కప్పు మీది ఏసీ యంత్రం ఆగిపోయింది. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ. మధ్యాహ్నానికల్లా కరివేపాకు కట్టలు నల్లబడ్డాయి, తోటకూర వాలిపోయింది, పెరుగు డబ్బాల మూతలు ఉబ్బాయి. యజమానికి ఫోను చేస్తే ఇరవై మూడో పేజీ చూసుకోమన్నారు. పన్నులో, బీమాలో మా వంతుతో పాటు ఏసీ మరమ్మతు, అవసరమైతే కొత్త యంత్రం కూడా అద్దెదారు ఖర్చేనని అక్కడ స్పష్టంగా ఉంది. తొమ్మిది వేల డాలర్లు. అమ్మాయి కాలేజీకి దాచిన డబ్బులోంచి తీశాం.

సరిగ్గా ఆ రోజే అల్లం, టీ పొడి కోసం వచ్చే ఒక అమెరికన్ పెద్దాయన లోపలికి వచ్చారు. సంగతి విని ఒకే ప్రశ్న అడిగారు: బేరం దగ్గర మీ తరఫున ఎవరు కూర్చున్నారు? ఎవరూ లేరన్నాను. అప్పుడు గల్లాపెట్టె పక్కన నిలబడి స్టాబాక్ గురించి చెప్పారు. ఆ రోజుల్లో ఈ వ్యాపారంలో బ్రోకర్లు ఎక్కువగా భవన యజమానుల కోసమే పనిచేసేవారట. స్టాబాక్ సంస్థ మాత్రం అద్దెకు దిగే కంపెనీల పక్షాన నిలబడింది. ఎంత స్థలం కావాలి, ఎన్నేళ్లకు, పాడైతే ఎవరు బాగుచేయించాలి అన్నవన్నీ అద్దెదారు వైపు నుంచి మాట్లాడటమే పని. ఆయన ఆస్తికి అసలు మూలం అదే.

పేరున్న ఆటగాడు కాబట్టి తలుపులు తెరుచుకున్నాయని కొందరంటారు. తెరుచుకునే ఉంటాయి. మొదటి ఫోను ఎత్తడానికి పేరు పనికొస్తుంది, రెండో లీజుకు పనికిరాదు. స్టాబాక్ నౌకాదళ అకాడమీ విద్యార్థి. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీని 1963లో గెలిచారు. అంతటివాణ్ణి, కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే 1964 ఎంపికల్లో కౌబాయ్స్ పదో రౌండులో గానీ తీసుకోలేదు, ఎందుకంటే చదువు కాగానే నాలుగేళ్లు నౌకాదళంలో పనిచేయాలి. రంగులు పోల్చుకోవడంలో లోపం ఉండడంతో సరఫరా విభాగానికి వెళ్లారు, ఒక ఏడాది వియత్నాంలో ఉన్నారు. జట్టులోకి వచ్చేసరికి ఇరవై ఏడేళ్లు. మూటలు లెక్కపెట్టి, రసీదులు సరిచూసి వచ్చిన మనిషికి కాగితం చదివే అలవాటు అక్కడే అబ్బిందని నా గట్టి నమ్మకం.

ఆట సంగతీ చెప్పాలి. ఆ ఏటి విజేతను తేల్చే ఆఖరి పోటీలు, సూపర్ బౌల్‌లు, రెండు గెలిచారు. 1975 డిసెంబర్ 28న మిన్నెసోటా వైకింగ్స్ జట్టు మీద అర నిమిషం కూడా మిగలని వేళ, యాభై గజాల దూరం నుంచి తన జట్టువాడైన డ్రూ పియర్సన్‌కు బంతి విసిరి 17–14తో గెలిపించారు. కళ్లు మూసుకుని మేరీమాత ప్రార్థన (ఇంగ్లీషులో హెయిల్ మేరీ) చెప్పుకున్నానని తర్వాత అన్నారు. ఆఖరి క్షణంలో విసిరే అలాంటి బంతికి హెయిల్ మేరీ అన్న పేరు దేశమంతా స్థిరపడింది ఆనాటి నుంచే. జనం ఆ ఒక్క బంతినే తలుచుకుంటారు. వేసవి సెలవుల్లో ఆఫీసుకు వెళ్లి కూర్చున్న ఆ పదేళ్లను ఎవరూ తలుచుకోరు, నాకు బాధగా ఉండేది అదే. ఆయన ఆడిన టెక్సాస్ స్టేడియం మా ఇర్వింగ్‌లోనే ఉండేది. 2010 ఏప్రిల్‌లో దాన్ని కూల్చిన ఉదయం పిల్లల్ని తీసుకెళ్లి దూరం నుంచి చూశాను. ధూళి మా కారు అద్దాల మీదికి వచ్చింది. అప్పటికి నాకు ఆయన పేరు తప్ప ఏమీ తెలియదు.

మనవాళ్ల మీద నాకొక కోపం ఉంది. వీసా కాగితాలకు వకీలును పెట్టుకుంటాం, ఇల్లు కొనేటప్పుడు ముహూర్తం చూస్తాం, వాస్తు చూస్తాం. కొట్టుకో టిఫిన్ సెంటర్‌కో అయిదేళ్ల లీజు మాత్రం నిలబడి సంతకం చేసేస్తాం. ఇక్కడ సాధారణంగా అద్దెదారు బ్రోకర్ రుసుము కూడా యజమాని ఇచ్చే కమీషన్‌లోంచే వస్తుంది. ఈ మాట నాకు తెలిసిన పదిమంది వ్యాపారుల్లో ఇద్దరికైనా తెలియదు.

2018లో లీజు పొడిగించేటప్పుడు మా తరఫున ఒకామె వచ్చారు. రెండు గంటలు కూర్చుని ప్రతి పేజీ చదివారు. ఇరవై మూడో పేజీలో పెన్నుతో ఒక గీత గీసి, కప్పు మీది యంత్రం మార్చే ఖర్చు యజమానిదని రాయించారు. కిందటి వేసవిలో అది మళ్లీ ఆగింది. ఫోను చేశాను, మూడో రోజుకి క్రేన్ వచ్చింది.