కచేరీలు మొదలయ్యాక సాధన

చిరంజీవి అమ్మడికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చూశాను. డిప్లొమా అయిపోయింది, కచేరీలు వస్తున్నాయి, పాట మాత్రం ఉన్నచోటే ఉందని బాధపడ్డావు. అలా అనిపించడం మంచిదే. నీ చెవి నీ గొంతును దాటి ముందుకు వెళ్లింది, అంతే. ఆ టెన్షన్‌లో ఇంకో నాలుగు కొత్త కృతులు ఎత్తుకోకు. నీకిప్పుడు పాటల కరువు లేదు.

ముందు భైరవి రాగంలోని అట తాళ వర్ణం, ఆ సాధన పాట, బయటికి తియ్యి. మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లోనూ, గడగడా పాడేస్తావని నాకు తెలుసు. ఒక నెలపాటు మొదటి కాలం ఒక్కటే, ఇప్పుడు పాడే వేగంలో సగానికి తగ్గించి పాడు. భైరవిలో ధైవతాలు (ధ స్వరాలు) రెండు కదా, ఎక్కేటప్పుడు పైదైన చతుశ్రుతి, దిగేటప్పుడు కిందిదైన శుద్ధం. వేగంలో అవి రెండూ కలగలిసి దొర్లిపోతాయి. సభలో ఎవరూ పట్టుకోరు, నువ్వూ పట్టుకోవు. నెమ్మదిగా పాడితే దాక్కోవడానికి చోటుండదు. గాంధారం (గ) ఎంత ఊగాలో, ఎక్కడ ఆగాలో అప్పుడే తేలుతుంది. అది కుదిరాక బేగడ రాగం మొదలుపెట్టు. ఆ మధ్యమం (మ), ఆ నిషాదం (ని) హార్మోనియం మెట్ల మీద దొరికేవి కావు, పెద్దల పాట విని విని పట్టుకోవాల్సిందే. వినడమంటే బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం కాదు. ఒకే ఆలాపన, తంబూరా ముందు కూర్చుని, వారం రోజులు.

గాయకుడు నెడునూరి కృష్ణమూర్తిగారు విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నాక కూడా 1949లో శ్రీపాద పినాకపాణిగారి దగ్గర శిష్యరికానికి చేరారు. పాణిగారేమో వృత్తికి వైద్యుడు! మనం మెచ్చుకునే నెడునూరి బాణీ ఆ రెండో చదువులో పదును తేలింది. నీకూ ఇప్పుడు తప్పులు మొహమాటం లేకుండా చెప్పే మనిషి కావాలి. నా దగ్గరికే రమ్మని కాదు. నేను నీ పాటకు అలవాటుపడిపోయాను, కొన్ని తప్పులు నాకు ముద్దుగా వినిపిస్తాయి.

వేదిక మీద ఒక సంగతి. వయొలిన్ ఆయన నీ ఆలాపనకు జవాబు వాయిస్తుంటే నువ్వు తర్వాతి కృతి కాగితం వెతుక్కుంటున్నావు. ఆయన వదిలిన చోటి నుంచి నీకొక దారి దొరకొచ్చు, విను. తని ఆవర్తనంలో, మృదంగం ఒంటరిగా వాయించేటప్పుడు, తాళం వదిలేసి నీళ్ల సీసా అందుకోవడం కూడా మానెయ్యి.

త్యాగరాజ కృతులు మన భాషలోనే ఉన్నా, సంగతుల మోజులో, ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే తొందరలో, మాట మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాం. పాడే ముందు సాహిత్యాన్ని మామూలు మాటల్లా ఒకసారి పైకి చదువు. ఎక్కడ విరవాలో నాలుకే చెబుతుంది.

నీ కచేరీ రికార్డింగు ఆ రాత్రే వినకు. చప్పట్లు ఇంకా చెవిలోనే ఉంటాయి. నెల పోయాక విను.

శ్రుతి, అదే నువ్వు పాడే ఆధార స్థాయి, ఐదున్నర నుంచి ఐదుకు దించమన్నాను, దించినట్టు రాయలేదు. పైస్థాయిలో మెరవడానికి గొంతు కింది భాగాన్ని వదులుకుంటున్నావు. పొద్దున్నే అకారంతో (‘ఆ’ అంటూ) మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, గొంతు అందినంత దాకా దిగి, అక్కడ గొంతు ఎలా నిలబడుతోందో వచ్చే ఉత్తరంలో రాయి.

ఇట్లు,
మీ టీచరమ్మ