నర్సింగా, మెడిసినా: ముప్పై దాటాక వైద్యరంగానికి మారాలనుకునేవారికి

అమెరికాకు వచ్చిన మన తెలుగువారిలో, ముఖ్యంగా హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వాములకు, పిల్లలకు ఇచ్చే వీసా) మీద వచ్చిన బీటెక్, ఎంసీఏ పట్టభద్రుల్లో, వైద్యరంగం వైపు మళ్లాలన్న ఆలోచన ఈ మధ్య తరచుగా వినిపిస్తోంది. ఐటీ ఉద్యోగాలు మునుపటంత నిలకడగా లేకపోవడం ఒక కారణమైతే, ఇంటర్‌లో బైపీసీ వద్దు, ఎంపీసీ తీసుకోమన్న పెద్దల మాటకు తలవంచినప్పుడు పక్కన పెట్టిన కోరిక మళ్లీ తలెత్తడం మరో కారణం. అలాంటివారు నన్ను అడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే: "ముందు నర్సింగ్ చేసి, వీలైతే తర్వాత డాక్టర్ కావచ్చు కదా, అక్కా?" చాలా ఏళ్లుగా ఆసుపత్రిలో ఆర్‌ఎన్‌గా, అంటే రిజిస్టర్డ్ నర్సుగా, పనిచేస్తున్నాను కాబట్టి దీనికి సూటిగానే జవాబు చెబుతాను. నర్సింగ్ అనేది మెడిసిన్‌కు కింది మెట్టు కాదు. రెండూ వేర్వేరు వృత్తులు, వేర్వేరు చదువులు. రెంటిలో ఏది కావాలో మొదట్లోనే తేల్చుకోకపోతే డబ్బూ వయసూ రెండూ ఖర్చవుతాయి.

చదవాల్సిన సబ్జెక్టులు చూస్తేనే ఇది తెలిసిపోతుంది. నర్సింగ్‌లో చేరే ముందు అనాటమీ అండ్ ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, సైకాలజీ వంటివి పూర్తి చేయాలి. మెడికల్ స్కూళ్లు సాధారణంగా అడిగేవి బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్, అన్నీ ల్యాబులతో సహా, వాటిపైన బయోకెమిస్ట్రీ, ఆ తర్వాత దాదాపు ఏడున్నర గంటలు సాగే ఎంక్యాట్ అనే మెడికల్ స్కూలు ప్రవేశ పరీక్ష. నర్సింగ్ పట్టా చేతికొచ్చాక మనసు మార్చుకుంటే ఈ రెండో జాబితా ఇంచుమించు మొదటి నుంచీ చదవాల్సి వస్తుంది. మన బీటెక్‌లో చదివిన ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉన్నాయి కదా అనుకుంటారు గానీ, చాలా మెడికల్ స్కూళ్లు అమెరికా లేదా కెనడా కళాశాలల్లో సంపాదించిన క్రెడిట్లే కావాలంటాయి. పదో తరగతి తర్వాత బయాలజీ పుస్తకం తెరవనివారికి ఏ దారిలోనైనా మొదటి సెమిస్టరు కష్టంగానే ఉంటుంది, దానికి భయపడనక్కరలేదు.

ఇక కాలం లెక్క. ముప్పై రెండేళ్ల వయసులో మెడిసిన్ వైపు అడుగు వేస్తే, ముందు చదవాల్సిన కోర్సులకు రెండేళ్లు, దరఖాస్తుకు ఒక ఏడాది పడతాయి, ఎందుకంటే ఈ జూన్‌లో దరఖాస్తు పంపినవారు తరగతిలో కూర్చునేది వచ్చే ఏడాది ఆగస్టులో. ఆపైన మెడికల్ స్కూలు నాలుగేళ్లు, ఫ్యామిలీ మెడిసిన్‌కో ఇంటర్నల్ మెడిసిన్‌కో కనీసం మూడేళ్ల రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో డాక్టరుగా పొందే శిక్షణ. అంటే అంతా అనుకున్నట్టు జరిగినా సొంతంగా ప్రాక్టీసు మొదలుపెట్టేసరికి నలభై రెండు. అదే వయసులో నర్సింగ్ ఎంచుకుంటే, ఇదివరకే డిగ్రీ ఉన్నవారి కోసం పెట్టిన యాక్సిలరేటెడ్ బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) కోర్సులు పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో పూర్తవుతాయి. ముందస్తు కోర్సులు, నర్సింగ్ లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్ష కలుపుకొని మూడేళ్లలో ఉద్యోగంలో ఉండవచ్చు. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీతో కూడా అదే ఎన్‌క్లెక్స్ రాసి, అదే ఆర్‌ఎన్ లైసెన్సు పొందవచ్చు, ఖర్చు చాలా తక్కువ. అయితే పెద్ద ఆసుపత్రులు చాలావరకు బీఎస్ఎన్ ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తాయి.

మనవారు సరిగా పట్టించుకోనిది వీసా సంగతి. హెచ్-4 మీద చదువుకోవడానికి అడ్డు లేదు, చాలా రాష్ట్రాల్లో స్థానికుల ఫీజే వర్తిస్తుంది. కానీ చదువు పూర్తయ్యాక పనిచేయాలంటే ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, ఉండాలి. 2015 నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, సాధారణంగా హెచ్-1బీ మీద ఉన్న జీవిత భాగస్వామికి ఐ-140 (గ్రీన్ కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం పొంది ఉంటేనే అది వస్తుంది. అది రాకముందే నర్సింగ్ పూర్తయితే పట్టా ఉండి కూడా ఇంట్లో కూర్చోవలసి వస్తుంది. పైగా కొన్ని రాష్ట్రాల నర్సింగ్ బోర్డులు లైసెన్సు దరఖాస్తులోనే సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతాయి. ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారితే పన్నెండు నెలల ఓపీటీ (చదువుకు సంబంధించిన పని చేసుకునే అనుమతి) దొరుకుతుంది, అయితే నర్సింగ్ స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కాబట్టి కంప్యూటర్ సైన్సు వారిలా దాన్ని పొడిగించుకోలేరు. ఆర్‌ఎన్ ఉద్యోగానికి అసోసియేట్ డిగ్రీ చాలన్న కారణంతో హెచ్-1బీ రావడం కూడా అరుదు. నర్సులకు గ్రీన్ కార్డు దరఖాస్తులో పెర్మ్ (ఆ ఉద్యోగానికి అమెరికన్లు దొరకలేదని యజమాని నిరూపించే) దశ అవసరం లేదన్న మాట నిజమే గానీ, భారతదేశంలో పుట్టినవారికి, నర్సులు సాధారణంగా వచ్చే ఈబీ-3 అనే గ్రీన్ కార్డు విభాగం వరస పదేళ్లకు పైగా వెనకబడి ఉంది. కాబట్టి నర్సింగ్‌ను వీసా కష్టాల నుంచి బయటపడే దారిగా ఎవరైనా చెబితే నమ్మకండి.

మెడిసిన్‌కు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. చాలా మెడికల్ స్కూళ్లు పౌరులను, గ్రీన్ కార్డు ఉన్నవారినే తీసుకుంటాయి. ఇతరులను తీసుకునే కొద్ది స్కూళ్లలో కొన్ని, నాలుగేళ్ల ఫీజుకు సరిపడా డబ్బు ముందే చూపించమంటాయి. ఫెడరల్ విద్యారుణం తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి అసలే రాదు. పౌరులైనా సరే, 2026 జూలై నుంచి కొత్తగా అప్పు తీసుకునేవారికి మెడిసిన్ వంటి వృత్తివిద్యలకు ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం మీద 2 లక్షల డాలర్లు పరిమితి. గ్రీన్ కార్డు లేకుండా ఎంక్యాట్ పుస్తకాలు కొనే ముందు, మీరు చేరాలనుకునే స్కూళ్లకు స్వయంగా రాసి అడగండి. రెసిడెన్సీ ఎక్కడ దొరుకుతుందన్నది కూడా పూర్తిగా మన చేతిలో ఉండదు, అభ్యర్థుల, ఆసుపత్రుల ఎంపికలను జతచేసే 'మ్యాచ్' ఫలితం మార్చిలో వచ్చి దాన్ని నిర్ణయిస్తుంది. భర్త ఉద్యోగం డాలస్‌లో ఉండి మీకు ఒహాయోలో సీటు వస్తే, వారానికి ఎనభై గంటల దాకా సాగే ఆ శిక్షణలో పిల్లల్ని ఎవరు చూస్తారన్నది ముందే మాట్లాడుకోవాలి. ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చినా సాధారణంగా ఆరు నెలలే ఉండగలరు.

ఇవన్నీ కుదిరినా అసలు ప్రశ్న మిగిలే ఉంటుంది: రోజంతా ఏ పని చేస్తూ ఉండాలని మీకు ఉంది? రాత్రి రెండు గంటలకు, పొట్ట ఆపరేషన్ జరిగిన మర్నాడు, ఒక పెద్దాయనకు బీపీ తొంభైకి దిగిందనుకోండి. ఒళ్లు చల్లబడి చెమట పట్టిందని, గంట నుంచి మూత్రం సంచిలో చుక్క పడలేదని, సాయంత్రం బాగా మాట్లాడిన మనిషి ఇప్పుడు తేదీ తప్పు చెబుతున్నాడని గమనించేది నర్సు. ర్యాపిడ్ రెస్పాన్స్ బృందాన్ని పిలిచేదీ ఆమే. ఇది రక్తస్రావమా, ఇన్ఫెక్షనా అని తేల్చి, ఏ పరీక్ష చేయాలో, ఏ మందు పెట్టాలో నిర్ణయించి, ఆ నిర్ణయానికి బాధ్యత వహించేది డాక్టరు. ఆ తర్వాత డాక్టరు మరో రోగి దగ్గరికి వెళ్లిపోతారు. నర్సు తెల్లారేదాకా ఆ మంచం దగ్గరికి వస్తూ పోతూ, కంగారుపడుతున్న ఆయన భార్యకు ఏం జరుగుతోందో విడమరిచి చెబుతూ, మిగతా నలుగురు రోగులకూ వేళకు మందులు వేస్తూ ఉంటుంది. జబ్బు ఏమిటో ఛేదించాలన్న తపన ఉన్నవారు నర్సింగ్‌లో చేరితే ఎప్పుడూ ఏదో వెలితిగానే ఉంటుంది. మనిషి దగ్గర ఉండి చూసుకోవడంలో తృప్తి పొందేవారికి పది నిమిషాలకో రోగిని చూసి కదిలే జీవితం ఊరటనివ్వదు.

"నర్సా?" అని ఇంట్లో ముఖం చిట్లించేవారి గురించి ఒక మాట. మన ఊళ్లలో నర్సులకు దక్కని జీతమూ గౌరవమూ చూసి పెద్దలు అలా అంటారు. ఇక్కడ ఆర్‌ఎన్‌కు సొంత లైసెన్సు, సొంత బాధ్యత ఉంటాయి. డాక్టరు రాసిన మోతాదు తప్పనిపిస్తే మందు ఆపి ప్రశ్నించడం ఆమె విధి. 2024 లెక్కల ప్రకారం మధ్యస్థ వార్షిక వేతనం 93,600 డాలర్లు. మలయాళీ కుటుంబాలు కొన్ని దశాబ్దాల క్రితమే ఈ వృత్తితో ఇక్కడ తలెత్తుకుని స్థిరపడ్డాయి. అదే సమయంలో, నిజంగా డాక్టర్ కావాలన్న కోరిక ఉండి, కాగితాలూ కుటుంబమూ అనుకూలంగా ఉన్నవారిని వయసు పేరు చెప్పి ఆపడం కూడా నాకు ఇష్టం లేదు. రోగనిర్ధారణ చేయాలనీ ఉంది, పదేళ్లు మాత్రం ఇవ్వలేం అనేవారు రోగాన్ని నిర్ధారించి మందులు రాసే నర్స్ ప్రాక్టీషనర్, ఫిజీషియన్ అసిస్టెంట్ చదువుల గురించి తప్పక తెలుసుకోవాలి. సగానికి పైగా రాష్ట్రాల్లో నర్స్ ప్రాక్టీషనర్లు డాక్టరు పర్యవేక్షణ లేకుండానే రోగుల్ని చూడవచ్చు.

నిర్ణయానికి ముందు, పని అనుమతి ఉంటే సీఎన్ఏ (నర్సుకు సహాయకురాలు) కోర్సు చేసి కొన్ని నెలలు నర్సింగ్ హోమ్‌లో పనిచేయండి. స్నానం చేయించడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, పక్క మార్చడం, ఇవన్నీ చేశాక కూడా మర్నాడు వెళ్లాలనిపిస్తుందో లేదో తెలుస్తుంది. అనుమతి లేనివారు ఆసుపత్రిలో వాలంటీరుగా చేరవచ్చు. ఆసుపత్రిలో చేసే ఏ క్లినికల్ శిక్షణకైనా టీబీ పరీక్ష అడుగుతారు. చిన్నప్పుడు బీసీజీ అనే టీబీ టీకా వేయించుకున్న మనకు చర్మం మీద చేసే పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ రావచ్చు, కాబట్టి రక్తపరీక్ష చేయమని ముందే అడగండి. ఈలోగా మీ యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించే పని మొదలుపెట్టండి, అన్నింటికన్నా ఆలస్యమయ్యేది అదే. వాటిని ఏ సంస్థ చేత మదింపు చేయించాలో ఒక్కో కళాశాల ఒక్కో రకంగా చెబుతుంది. డబ్బు కట్టే ముందు మీరు చేరబోయే కళాశాలను అడిగి, కోర్సులవారీ మదింపే చేయించండి.