నెల్లూరు మాట ఏ యాస?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా. హైదరాబాదులో నాతో పనిచేసేవారు నాది కోస్తా యాస అంటారు. గుంటూరులోని మా అత్తవారింట్లో మాత్రం సీమ యాస అని నవ్వుతారు. ఎవరి మాట సరైనది? నాకు శ్రీకాకుళం వారి మాట వినడం ఎంతో ఇష్టం, తెలంగాణ యాస అంతగా రుచించదు. ఇలా అనుకోవడం తప్పా?
– ఒక పాఠకురాలు

జవాబు: పటం చూసి చెబితే మీది కోస్తా, చెవితో విని చెబితే మీ అత్తవారి మాటే కొంత దగ్గర. భాషాశాస్త్రవేత్త ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశంలో, వ్యవసాయ పదాల ఆధారంగా తెలుగు నేలను పూర్వ, మధ్య, దక్షిణ, ఉత్తర మండలాలుగా విభజించినప్పుడు, నెల్లూరును కృష్ణా, గుంటూరులతో కాక రాయలసీమ జిల్లాలతో కలిపి దక్షిణ మండలంలో చేర్చారు. మీ ఇంట వినిపించే ‘యాడ’, ‘ఉండాడు’ చిత్తూరులోనూ వినిపిస్తాయి. అయితే నవ్వడం దేనికో మీ అత్తవారే చెప్పాలి.

ఇచ్ఛాపురం నుండి తడ దాకా ఒకే యాస ఉందని అనుకుంటే తప్ప ‘కోస్తా యాస’ అనే మాటకు అర్థం లేదు. మీరు ఇష్టపడే శ్రీకాకుళం కూడా ఆ కోస్తాలోనిదే కదా! తెలంగాణ సంగతీ అంతే. నల్లగొండలో ‘వచ్చిండు’ అన్నది కరీంనగర్ పల్లెల్లో ‘అచ్చిండు’ అవుతుంది, పూర్వపు కృష్ణా జిల్లా సరిహద్దున ఉన్న ఖమ్మం ఊళ్ల పలుకు మరోలా ఉంటుంది, హైదరాబాదు పాతబస్తీ తెలుగులో ఉర్దూ అడుగడుగునా పలకరిస్తుంది. వీటిలో మీకు రుచించనిది ఏదో ముందు తేల్చుకోవాలి. చాలాకాలం మన సినిమాలు కథానాయకుడికి కృష్ణా, గుంటూరుల చదువుకున్నవారి భాషను ఇచ్చి, మిగిలిన యాసలను హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ పంచిపెట్టాయి కనుక, మన చెవి అభిరుచి అనుకునే దానిలో కొంత ఆ తెర నుండి వచ్చినదే.

ఇష్టపడటం తప్పు కాదు, దానికి సంజాయిషీ అక్కరలేదు. ప్రాంతం పేరుతో కాక విన్న ఊరి పేరుతో చెబితే చాలు. నా మట్టుకు నాకు చిత్తూరు మాట ప్రాణం. కాకపోతే ఆ మాటను మొదట వినిపించినది చిన్నప్పుడు మా పక్కింట్లో ఉండి, అడగకుండానే మురుకులు పెట్టిన ఒక పెద్దావిడ కావడంతో, ఆ ఇష్టం యాస మీదో మురుకుల మీదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.